పదహారో రోజు తరువాత
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కూచిపూడి నాట్యానికీ భోజనాలకూ నడుమ నాకు ఇరవై నిమిషాలు ఇచ్చినారు. పండుగ సభలో చావు మాట యెత్తవచ్చునా అని కార్యవర్గంలో ఒకరిద్దరు సందేహించినారు. నేను వారికి చెప్పినది ఒక్కటే. పోయిన ఉగాదికి ఈ హాలులో కూర్చున్నవారిలో కొందరి కుర్చీలు ఈ యేడు ఖాళీగా వున్నవి. వారి పక్క కుర్చీలవారు కూడా రాలేదు. నేను మాట్లాడదలచినది ఆ పక్క కుర్చీలవారిని గురించి.

నా తెలుగు రాత్రి బడి తెలుగు. పగలు ఇంగ్లీషు బడి, సాయంత్రం ఆరు గంటలకు గుడి పక్క రేకుల షెడ్డులో పెద్ద బాలశిక్ష. తరువాత నలభై యేళ్ళు పగలు లెక్కలు చెప్పి, సాయంత్రం అదే బాలశిక్ష నేను చెప్పినాను. కనుక పెద్ద మాటలు నా దగ్గర లేవు. అమ్మమ్మ మాటలు కొన్ని వున్నవి, అవి చాలు.

మొదట మన తాతల సంగతి చెప్పాలి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు వచ్చింది. 1911 దాకా వచ్చిన ఓడలలో లక్షా యాభై రెండు వేలకు పైగా మనుషులు ఈ గడ్డమీద దిగినారు. మనవారు విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచీ, చిత్తూరు, ఉత్తర ఆర్కాడు వైపు నుంచీ వచ్చినవారు. మా తాతగారు విశాఖ వైపువారు. తోంగాట్ దగ్గర చెరకు తోటలో పని. తల్లి పోయినదన్న వార్త ఉత్తరంలో ఆయనకు చేరేసరికి అక్కడ ఆమె సంవత్సరీకం దగ్గర పడినదట. ఆయనకు చదువు రాదు. ఉత్తరం చదివి పెట్టిన మనిషి సగంలో ఆగి, మిగతాది రేపు చదువుతానన్నాడట. అప్పుడే తాతకు అర్థమయినది. మరునాడు పని గంట కొట్టకముందే ఏటి ఒడ్డుకు పోయి తల గీయించుకుని, మూడు దోసిళ్ళ నీళ్ళు వదలినాడు. వెంట నలుగురు పోయినారు. ఆ నలుగురిలో బంధువు ఒక్కడూ లేడు, కులం ఒకటి కాదు, ఒకడు తెలుగువాడే కాదు. అందరూ ఒకే ఓడలో వచ్చినవారు. ఆ రాత్రి వారి కుండలోనే ఆయనకూ అన్నం వండినారు. నెల తిరిగేదాకా రోజూ పని దిగినాక ఎవరో ఒకరు వచ్చి ఆయన గది ముందు కూర్చునేవారట. మాట్లాడేవారు కాదు. చుట్ట కాల్చుకుని పోయేవారు.

ఈ కథ మా నాన్న చెప్పేవారు. శవాన్ని చూడలేదు, కాడు లేదు, పురోహితుడు లేడు. మనుషులు మాత్రం వున్నారు.

కడచూపు దక్కని దుఃఖం తాతలతో పోయినదనుకున్నాము. 2020 మార్చిలో కరోనా కట్టడి వచ్చినప్పుడు అంత్యక్రియలకు యాభై మందికి మించి రాకూడదన్నారు, రాత్రి జాగారం కూడదన్నారు. ఎందరో కొడుకులు తండ్రి చితిని ఫోను తెరమీద చూసినారు. 2022 ఏప్రిల్ వరదలలో మన డర్బన్ చుట్టుపట్ల 400 మందికి పైగా పోయినారు. కొందరి శరీరాలు దొరకనేలేదు. ఏటి ఒడ్డున తాత వదలిన నీళ్ళ అర్థం అప్పుడు మళ్ళీ తెలిసినది.

మా నాన్న డర్బన్ కార్పొరేషన్‌లో పని చేసినారు, మేగజీన్ బ్యారెక్స్‌లో కాపురం. ఒక గోడకు ఇటు మనం, అటు వేరొకరు. ఇటు ఏడిస్తే అటు వినపడేది. 1960లలో, జాతికొక పేట అన్న ఆ పాత చట్టం కింద, అక్కడివారిని లేపి చాట్స్‌వర్త్‌కు పంపినారు. అక్కడ కూడా కొన్నేళ్ళకు ఇరుగు పొరుగు కుదిరినది. ఇప్పుడు మన పిల్లలు కట్టుకున్న ఇళ్ళు పెద్దవి. ఎత్తు గోడ, కరెంటు తీగ, దూరం నుంచి మీట నొక్కితే తెరుచుకునే గేటు. దొంగల భయం నిజమే, నేను కాదనను. కానీ ఆ గేటు లోపల ఒకరు మూడు రోజులుగా అన్నం తినలేదంటే తెలిసేది ఎట్లా?

మన ఆచారాలను తక్కువ చేయడానికి నేను రాలేదు. పైగా లెక్కల పంతులుగా చెబుతున్నాను, పెద్దలు ఆ రోజులను బాగానే లెక్క వేసినారు. చావు ఇంట పొయ్యి వెలిగించరు. పక్కింటివారు అన్నం, పప్పు, బీన్స్ కూర తెచ్చి పెడతారు. మూడో రోజు ఒక పని, పదో రోజు ఒక పని. కొందరికి పదకొండు, కొందరికి పదమూడు. తమిళ సోదరులతో కలిసి బతికినందున మాలో చాలామందికి పదహారు. మనిషికి ఏమీ తోచని వేళ చేతికి ఏదో పని దొరుకుతుంది: దీపంలో నూనె పోయాలి, పిండం పెట్టాలి, కాకి కోసం ఎదురు చూడాలి. ఇల్లు మనుషులతో నిండి వుంటుంది. చిన్నపిల్లలు ఆడుకుంటూ వుంటారు. ఎవరో ఒకరు పోయినవారి పాత కథ చెప్పి నవ్విస్తారు. ఏడుపూ నవ్వూ ఒకే చాప మీద కూర్చుంటవి.

పదహారో రోజు భోజనాలయినాక గిన్నెలు కడిగి, అద్దె కుర్చీలు లారీకి ఎక్కించి, అందరూ పోతారు. వెళ్ళొస్తానని కూడా చెప్పరు. చావు ఇంట ఆ మాట అనరాదని మనకు తెలుసు. మళ్ళీ రావలసిన పని ఆ ఇంట పడకూడదని దాని భావం. మంచిదే. కానీ మనం ఆ మాటను మరీ నిజం చేస్తున్నాము. మళ్ళీ రావడం లేదు.

నా భార్య 2021 జనవరిలో పోయినది. మా పెళ్ళయి ముప్ఫయి ఏడేళ్ళు. ఆమె పోయిన దినాలలో యాభై మంది లెక్క వున్నా, గేటు బయట నిలబడి చేతులెత్తి పోయినవారు ఎందరో వున్నారు. వారి రుణం తీరదు. నేను చెప్పదలచినది ఏప్రిల్ నెల సంగతి. ఫోను మోగడం ఆగిపోయినది. పిల్లవాడు ఆస్ట్రేలియాలో, అమ్మాయి జొహానెస్‌బర్గ్‌లో. సాయంత్రం నాలుగున్నరకు రెండు కప్పులు తీస్తాను, ఒకటి తిరిగి పెడతాను. ఒకనాడు కొట్టులో చింతపండు పొట్లం చేతిలో పట్టుకుని, ఇది పాతదో కొత్తదో ఎవరిని అడగాలో తెలియక అట్లాగే నిలబడిపోయినాను. కొట్టువాడు, మన గుజరాతీ కుర్రవాడు, కుర్చీ వేసి కూర్చోపెట్టి, "ఆంటీ ఇదే తీసుకునేది అంకుల్" అన్నాడు. మూడు నెలల్లో ఆమె మాట నా ముందు ఎత్తిన మొదటి మనిషి అతడే. మిగతావారంతా నేను బాధపడతానని ఆమె మాట దాటవేస్తున్నారు. నాకు కావలసినది ఆమె మాటే.

రాత్రి బడిలో నేను పిల్లలకు ఒక మాట చెప్పేవాడిని: పుట్టెడు దుఃఖం. పుట్టి అంటే ధాన్యం కొలత, ఇరవై తూములు. మన పెద్దలు దుఃఖాన్ని కొలతతో చెప్పినారు. ఒక మనిషి పుట్టెడు వడ్లు మోయలేడు, బండి కావాలి, పదిమంది ఎత్తాలి. ఆ లెక్క మాటలోనే వున్నది. బిడ్డ పోతే కడుపుకోత అన్నారు. ఆ మాటకు వివరణ అక్కరలేదు. పరామర్శ అన్న మాట సంస్కృతం నుంచి వచ్చినది, దానికి తాకడం అనీ, ఆలోచించడం అనీ అర్థాలు వున్నవి. మనం పరామర్శకు పోయి తాకనూ తాకము, ఆలోచించనూ ఆలోచించము. ఏమంటాము? "ఊరుకో, అంతా కర్మ" అంటాము. "ఇంకా ఇద్దరు పిల్లలున్నారు కదా" అంటాము. "పెద్దవాడే, బాధపడకుండా పోయినాడు, అదృష్టవంతుడు" అంటాము. వినేవారికి ఇవేవీ అక్కరలేదు. ఏమనాలో తెలియకపోతే ఏమీ అనకుండా కూర్చోవచ్చును. తాత గది ముందు చుట్ట కాల్చినవారు అదే చేసినారు.

ఆడవారి సంగతిలో మరొక మాట. పదో రోజున గాజులు పగలగొట్టి బొట్టు చెరిపే తంతు మనలో కొన్ని ఇళ్ళలో ఇంకా జరుగుతున్నది. దుఃఖంలో వున్న మనిషిని నలుగురిలో కూర్చోబెట్టి అట్లా చేయడం ఓదార్పు కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న. మన తాతలలో చాలామంది ఇంకా ఓడ ఎక్కనే లేదు! ఆ ఊరివారే మారినారు; సముద్రం దాటి వచ్చిన మనకు ఇంకా ఎందుకీ పట్టు?

అట్లాగే యేడాది నియమం. ఇంట్లో చావు జరిగితే సంవత్సరం పాటు శుభకార్యాలకు పోరాదు, పండుగ చేయరాదు అని. మొదట అది కరుణతో పెట్టినదే అయివుంటుంది; ఏడ్చే మనిషిని పెళ్ళిపందిట్లో నవ్వమని అడగకూడదని. ఇప్పుడేమయినది? ఎట్లాగూ రారు కదా అని పిలవడం మానివేసినాము. దీపావళికి మిఠాయి పంపడం మానివేసినాము. మొదటి దీపావళి నాడు వీధంతా వెలుగుతుంటే ఒక ఇల్లు చీకట్లో వుంటుంది. ఆ ఇంటికి వెళ్ళేవారు కూడా లేరు. నా అభిప్రాయం, పెద్దలు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా: పిలవండి. రావడం, రాకపోవడం వారి ఇష్టం. పిలుపు మాత్రం మన ధర్మం. మిఠాయి తినకూడదంటే వుత్త చేతులతో పోయి కూర్చోండి.

ఇక ఈ దేశపు చట్టం. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు దాటినవారికి, వారానికి నాలుగు రోజులైనా పనిచేసేవారికి, యేడాదికి మూడు రోజుల జీతపు సెలవు. భార్యాభర్తలు, తలిదండ్రులు, తాత అవ్వలు, పిల్లలు, మనుమలు, తోబుట్టువులు పోతే ఆ సెలవు వాడుకోవచ్చును. మేనమామ ఆ జాబితాలో లేడు. అత్తమామలు లేరు. పెంచిన పెద్దమ్మ లేదు. మన తెలుగువారికి మేనమామ ఎవరో ఆ చట్టం రాసినవారికి ఎట్లా తెలుస్తుంది! కాబట్టి పదహారు రోజుల శాస్త్రానికి చట్టం ఇచ్చేది మూడు రోజులు. నాలుగో రోజున టై కట్టుకుని బ్యాంకు కౌంటరులో కూర్చుంటారు. యజమానులైనవారు ఈ సభలో కొందరున్నారు. మీ దగ్గర పనిచేసేవారికి ఆపైన నాలుగు రోజులు ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

కాగితాల బాధ మరొకటి. మరణాన్ని నమోదు చేయించాలి, ఆస్తి వివరాలు పద్నాలుగు రోజులలోగా హైకోర్టు మాస్టరుగారి కార్యాలయానికి తెలపాలి, బ్యాంకువారు ఖాతా నిలిపివేస్తారు. భర్త పోయిన ఇల్లాలికి అప్పటిదాకా చెక్కు రాసిన అలవాటు లేకపోవచ్చును. ఆమెతో ఆ వరుసలో నిలబడటం, కాగితం నింపి పెట్టడం, బండిలో తీసుకుపోయి తీసుకురావడం పురాణ శ్రవణం కంటే ఏమీ తక్కువ సేవ కాదు. పింఛను తీసుకుంటున్న మాస్టర్లం మనలో ఎందరమో వున్నాము, మనకు వరుసలో నిలబడటానికి తీరిక వున్నది.

దుఃఖానికి మెట్లు అయిదు అని మీరు వినివుంటారు. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే వైద్యురాలు 1969లో రాసిన పుస్తకంలోనివి అవి. ఆమె మాట్లాడినది చావు దగ్గరపడిన రోగులతో; వెనక మిగిలినవారు ఆ మెట్లు వరుసగా ఎక్కితీరాలని కాదు. నాకు మరొక ఆలోచన నచ్చినది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ స్ట్రోబ, హెంక్ షుట్ అనేవారు 1999లో చెప్పినది. దుఃఖించే మనిషి రెండు గదుల మధ్య తిరుగుతుంటాడు: ఒక గదిలో పోయినవారి తలపు, ఒక గదిలో రేపటి పని. ఇటూ అటూ పోవడమే సహజం. పొద్దున నవ్వి సాయంత్రం ఏడ్చినవాడు నటించడం లేదు. మన ఆడపడుచులు ఏడుస్తూ ఏడుస్తూనే పప్పు ఎసట్లో పోసేవారు. వారికిది ఎవరూ చెప్పనక్కరలేదు.

కానీ కొందరికి ఆ తిరుగుడు ఆగిపోతుంది. ఒకే గదిలో తలుపు వేసుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలు చేసిన వ్యాధుల పట్టికలో దీర్ఘకాల దుఃఖం అనే దానికి చోటిచ్చినారు. ఆరు నెలలు దాటినా, ఆ మనిషి సమాజపు ఆచారాన్ని మించి, తీవ్రమైన తపన తగ్గక, రోజువారీ బతుకు సాగకపోతే అది చికిత్స చేయదగినది అని దాని సారాంశం. పిచ్చి అని కాదు, బలహీనత అని కాదు. చక్కెర జబ్బుకు డాక్టరు దగ్గరకు పోవడానికి మనం సిగ్గుపడము. దీనికి మాత్రం "నలుగురికీ తెలిస్తే అమ్మాయి పెళ్ళి కాదు" అంటాము.

పిల్లల సంగతి, ఇది నా వృత్తిలో చూసినది, కొంచెం నిదానంగా చెబుతాను. తండ్రి పోయిన పిల్లవాడు అయిదో రోజున బడికి వస్తాడు. తరగతిలో ఎవరూ ఏమీ అనరు. మాస్టరు కూడా ఏమీ అనడు, లెక్క ఇస్తాడు. ఆరోజు వాడు చక్కగానే చేస్తాడు. రెండు నెలల తరువాత వాడు పక్కవాడిని కొడతాడు, పుస్తకాలు మరిచిపోతాడు. అప్పుడు దానికీ దీనికీ సంబంధం వున్నదని ఎవరికీ తట్టదు. నా తరగతిలో ఒక చిన్నది వుండేది. అవ్వ నిద్రపోయినది అని ఇంట్లో చెప్పినారట. ఆ పిల్ల నిద్రపోవడానికి భయపడి నెలరోజులు బల్ల మీద కునికిపాట్లు పడినది. చిన్నపిల్లలకు చనిపోవడం అన్న మాటే చెప్పాలి: ఒంట్లో గుండె ఆగిపోయినది, ఇక లేవదు, నొప్పి లేదు అని. మరొకటి, వారు పైకి అడగరు గాని లోపల అనుకుంటారు: నేను అల్లరి చేసినందుకే నాన్న పోయినాడా అని. అడగకముందే చెప్పండి, నీ వల్ల కాదు అని. ఒకసారి చాలదు. దినాలకు వారిని పిన్ని ఇంటికి పంపివేయకండి. ఒక దీపం పట్టుకోనివ్వండి.

ఇంటివారికి చేతకానప్పుడు బయట చేయి వున్నది. ఇంగ్లండులోని కోవెంట్రీలో 1968లో ఒక ఆసుపత్రిలో ఇద్దరు బాలురు పోయినారు. సైమన్ స్టీఫెన్స్ అనే యువ మతాచార్యుడు ఒక సంగతి గమనించినాడు: తాను చెప్పే మాటల కంటే ఆ రెండు జంటల తలిదండ్రులు ఒకరికొకరు చెప్పుకున్నవే వారికి ఊరట. 1969లో అట్లా మొదలయినది కంపాషనేట్ ఫ్రెండ్స్ అనే సంఘం. బిడ్డలు పోయినవారే బిడ్డలు పోయినవారితో కూర్చుంటారు. మన దేశంలోనూ వున్నది. లైఫ్‌లైన్ మరొకటి. 1963లో సిడ్నీలో అలన్ వాకర్ అనే పాస్టరు ప్రారంభించినారు. ఒక రాత్రి తనకు ఫోను చేసిన మనిషి ఆ తరువాత ప్రాణం తీసుకోవడం దానికి కారణం. ఇక్కడి నంబరు 0861 322 322. "వారి వెనకే నేనూ పోతాను" అని ఎవరైనా అంటే దాన్ని మాటవరసకు అన్నట్టు తీసుకోకండి, దగ్గర కూర్చోండి, 0800 567 567కు ఫోను చేయించండి. పిల్లలకు 116. మీ మతం వారు అడగరు. తెలుగు వారికి రాదు, కాని మన పిల్లలకూ రాదు కదా, ఇంగ్లీషులోనే మాట్లాడవచ్చును.

మగవారికి విడిగా ఒక ముక్క. ఆడవారు వంటింట్లో కూర్చుని ఒకరికొకరు చెప్పుకుంటారు. మనం క్రికెట్టు స్కోరు చెప్పుకుంటాము. భార్య పోయిన బావమరిదిని చూడబోయి, అరగంట కారు మైలేజీ గురించి మాట్లాడి వచ్చినవారిని నేను ఎరుగుదును. సరే, మైలేజీ మాట్లాడండి, కాని మధ్యలో ఒకసారి "అక్క చేసే పులిహోర గుర్తుకు వస్తుంది బావా" అనండి. ఆయన ఏడిస్తే ఏడవనివ్వండి. లేచి రావద్దు.

కార్యవర్గంవారు నా మాట మన్నించి ఒక పని ఒప్పుకున్నారు. ఒక పుస్తకం పెట్టినాము. మామూలు బడి నోటు పుస్తకమే. పోయినవారి పేరు, తేదీ, వెనక మిగిలినవారి పేరు, ఇంటి దారి. దాని పక్కన నాలుగు గళ్ళు గీసినాను: నలభయ్యో రోజు, మూడో నెల, ఆరో నెల, మొదటి దీపావళి. ఒక్కొక్క గడికి ఇద్దరు వెళ్ళాలి, ఒకరు ఆ ఇంటివారి ఈడువారై వుండాలి. పోయినవారి పేరు పెట్టి పలకరించాలి. గంటకు మించి కూర్చోనక్కరలేదు. వద్దంటే తిరిగి రావాలి, మళ్ళీ మూడో నెలకు వెళ్ళాలి. డబ్బు లేదు, చందా లేదు, ఫోటోలు లేవు, వచ్చే యేటి సంచికలో పేర్లు వేయడం అంతకంటే లేదు.

ఇప్పటికి పదకొండు ఇళ్ళు రాసినాము. వెళ్ళడానికి ఏడుగురమే వున్నాము. పుస్తకం టీ బల్ల మీద, పంచదార డబ్బా పక్కన వున్నది, పెన్ను దారంతో కట్టినాను. భోజనాలకు పోయే దారిలోనే.